‘మా రోజుల్లో’ అనగానే ఇంట్లో అందరూ లేచి వెళ్లిపోతున్నారు

ప్రశ్న: నాకు 70 ఏళ్లు. తెనాలి దగ్గరి పల్లె మాది. సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయుడిగా పనిచేసి 2013లో పదవీ విరమణ చేశాను. కొన్నేళ్లుగా నా భార్యతో కలిసి హైదరాబాదులో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఈ మధ్య నాకు ఎప్పుడూ చిన్ననాటి రోజులే కళ్లముందు మెదులుతున్నాయి. కాలవ గట్టు మీద మూడు మైళ్లు నడిచి బడికి వెళ్లడం, లాంతరు వెలుగులో చదువు, పందిళ్లలో వేసిన నాటకాలు, ప్రత్యేకాంధ్ర రాష్ట్రం కోసం సాగిన జై ఆంధ్ర ఉద్యమంలో కాలేజీ మూతపడి చదువు పాడైన ఏడాది, దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు మా ఊరి కుర్రవాళ్లం లారీలో బియ్యం, బట్టలు తీసుకువెళ్లడం, అన్నీ నిన్న మొన్న జరిగినట్టే ఉన్నాయి. ఆనాటి క్రమశిక్షణ, పెద్దల పట్ల భయభక్తులు ఇప్పుడు లేవని నా బాధ. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతూ జేఈఈకి సిద్ధమవుతున్న మనవడికి మొన్న పరీక్షలో మార్కులు తగ్గితే, ‘మా రోజుల్లో ఏ ట్యూషన్లూ లేకుండానే చదివాం’ అన్నాను. వాడు అందరి ముందూ ‘మీ రోజులు అంత గొప్పవైతే అక్కడే ఉండాల్సింది తాతయ్యా’ అని లేచి వెళ్లిపోయాడు. అబ్బాయి, కోడలు ఏమీ అనలేదు. నా భార్య మాత్రం నవ్వి, ‘ఆ రోజులు మీకు బాగున్నాయి, నాకు కాదు’ అంది. అప్పటి నుంచి ఇంట్లో నోరు విప్పడం మానేశాను. గడిచిన కాలాన్ని తలచుకోవడం తప్పా?

జవాబు: మాష్టారూ, తలచుకోవడం తప్పు కాదు. మీ వయసులో పాత రోజులు ఇంత స్పష్టంగా కళ్లముందుకు రావడం జబ్బూ కాదు, బలహీనతా కాదు. అమెరికా మనోవైద్యుడు రాబర్ట్ బట్లర్ 1963లోనే ఈ సంగతి రాశారు. వృద్ధులు తమ జీవితాన్ని మొదటి నుంచి నెమరువేసుకోవడాన్ని అప్పటిదాకా చాలామంది వైద్యులు మతిమరుపుకు సూచనగానో, చాదస్తంగానో కొట్టిపారేసేవారు. అది ఆ వయసులో మనసు సహజంగా చేసుకునే పని అని, గడిపిన బతుకుకు ఒక అర్థం చెప్పుకునే ప్రయత్నమని ఆయన వాదించారు. జ్ఞాపకశక్తి మీద ఆ తరువాత జరిగిన పరిశోధనల్లో మరో విషయం పదే పదే కనిపించింది. నడివయసు దాటినవారిని జీవితంలోని సంఘటనలు చెప్పమంటే, దాదాపు పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవే ఎక్కువగా చెబుతారు. మొదటి స్నేహాలు, మొదటి ప్రయాణం, మొదటి ఉద్యోగం, పెళ్లి అన్నీ ఆ వయసులోనే వస్తాయి కాబట్టి అవి మనసులో అంత లోతుగా నాటుకుంటాయి. మీరు చెప్పినవాటిలో దాదాపు అన్నీ మీ ఇరవై రెండేళ్ల లోపు సంగతులే కావడంలో వింతేమీ లేదు.

అయితే మీ ఉత్తరాన్ని మళ్లీ మళ్లీ చదివాక నాకు ఒకటి తోచింది. మీరు పాత రోజులను రెండు రకాలుగా తలచుకుంటున్నారు. ఉప్పెన గురించీ, కాలేజీ మూతపడిన ఏడాది గురించీ చెప్పేటప్పుడు జరిగింది జరిగినట్టు చెబుతున్నారు. మనవడితో మాట్లాడేటప్పుడు మాత్రం అదే కాలాన్ని కొలబద్దగా పట్టుకుని అతన్ని కొలుస్తున్నారు. మొదటి రకం మాటలను ఎవరైనా వింటారు. రెండో రకం మాటల్లో అవతలివారికి మీ జ్ఞాపకం వినిపించదు, తమ మీద తీర్పు మాత్రమే వినిపిస్తుంది. మార్కులు తగ్గి అప్పటికే కుంగిపోయి ఉన్న పదిహేడేళ్ల కుర్రవాడికి అది మరీ గట్టిగా వినిపించింది. అతను అన్న మాట తప్పే, అందులో నాకు సందేహం లేదు. దాన్ని తండ్రి ఆ పూటే నెమ్మదిగా, పక్కకు పిలిచి చెప్పి ఉండాల్సింది. కానీ ఆ మాటకు ముందు మీరు అన్న మాట కూడా అతన్ని నొప్పించిందని ఒప్పుకోక తప్పదు.

మీ మనవడి వయసులో మీరేం చేస్తున్నారో ఒకసారి లెక్క వేసి చూడండి. మీ వయసును బట్టి చూస్తే 1972 చివరికి మీకూ పదిహేడేళ్లే. తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగాలు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలను సమర్థిస్తూ అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, దానితో జై ఆంధ్ర ఉద్యమం రేగి కోస్తా, రాయలసీమ జిల్లాలు అట్టుడికిపోయాయి, 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన కూడా వచ్చింది. నెలల తరబడి తరగతులు లేవు. ఆ రోజుల్లో మీరు రోడ్డు మీద నినాదాలు ఇచ్చి ఉండవచ్చు, ఇంట్లో దిక్కుతోచక కూర్చుని ఉండవచ్చు, ఈ ఏడాది పోతే నా గతేమిటని రాత్రుళ్లు నిద్రపోకుండా ఆలోచించి ఉండవచ్చు. ఉత్తరంలో మీరు దాని గురించి ‘చదువు పాడైన ఏడాది’ అని ఊరుకున్నారు. మనవడికి చెప్పాల్సిన కథ ఇదే. అతనూ 2020లో, హైస్కూలు మెట్టు ఎక్కే వయసులో, బడి మూతపడి ఫోను తెర ముందు పాఠాలు విన్న తరం పిల్లవాడు. ఆ గండి పూడకముందే, ఏటా పది లక్షల మందికి పైగా రాసే జేఈఈ పరీక్షకు సిద్ధమవుతున్నాడు. మీరు కాలవ గట్టు మీద మూడు మైళ్లు నడిచారు, నిజమే. ఆ నడకలో మీ పక్కన నలుగురు స్నేహితులు ఉండి ఉంటారు. పొద్దున చీకటితో వెళ్లి రాత్రి స్టడీ అవర్లు ముగించుకుని వచ్చే ఈ పిల్లల దారిలో పక్కన నడిచేవాడు కూడా పోటీదారుడే. వారి కష్టం కాళ్లకు తెలిసే కష్టం కాదు కాబట్టి మనకు కనబడదు.

పెద్దలు సాధారణంగా తాము గెలిచిన కథలే చెబుతారు. పిల్లలకు వాటికన్నా పెద్దలు భయపడిన రోజులు, ఓడిన రోజులు, ఏమి చేయాలో తెలియక తడబడిన రోజులే కావాలి. తాతయ్యకు కూడా ఒకప్పుడు భవిష్యత్తు అంటే వణుకు పుట్టిందని తెలిస్తే, మార్కులు తగ్గిన సంగతి ఇంట్లో ముందుగా మీతోనే చెప్పుకుంటాడు.

ఇంకో మాట. మీ కుర్రతనంలో మీ నాన్నగారి తరం మీ గురించి ఏమనుకునేదో గుర్తు చేసుకోండి. బెల్‌బాటమ్ ప్యాంట్లు, చెవులు మూసే జుట్టు, సైకిళ్లేసుకుని పట్నానికి వెళ్లి చూసే సెకండ్ షో సినిమాలు, ఇవన్నీ చూసి లోకం చెడిపోయిందని ఆనాటి పెద్దలు అరుగుల మీద కూర్చుని బాధపడలేదా? రేపు మీ అబ్బాయి కూడా, టీవీ ఉన్న ఒక్క ఇంట్లో ఆదివారం ఉదయం వీధంతా చేరి చూసిన రోజులను తలచుకుని, తన పిల్లలకు ఐకమత్యం లేదంటాడు. ప్రతి తరానికీ తన పదిహేడేళ్ల ప్రాయమే స్వర్ణయుగం. ఆ రోజుల్లో మన ఒంట్లో ఉన్న శక్తినీ, ముందున్న ఆశనూ మనం ఆ కాలానికి అంటగట్టి, కాలమే గొప్పదని చెప్పుకుంటాం.

అంతమాత్రాన ఆ కాలంలో గొప్పతనమేమీ లేదని నేను అనను. 1977 నవంబరు 19న ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు, ఎవరూ పిలవకుండానే ఊళ్లకు ఊళ్లు కదిలి దివిసీమకు బియ్యం, బట్టలు మోసుకెళ్లడం నిజంగా గొప్ప విషయం. దాన్ని మీరు గర్వంగా చెప్పుకోవాలి. కానీ అదే కాలంలో, 1971లో, మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది పసికందుల్లో 129 మంది ఏడాది నిండకుండానే కన్నుమూసేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గింది. 1970–75 మధ్య సగటు భారతీయుడి ఆయుర్దాయం యాభై ఏళ్లు కూడా లేదు. సాంఘిక శాస్త్రం బోధించిన మీకు ఇవి కొత్తవి కావు. ఒక్కరి సాక్ష్యంతో చరిత్ర రాయకూడదని ఎన్నో తరగతులకు మీరే చెప్పి ఉంటారు. ఆ పాఠాన్నే ఇప్పుడు మీ ఇంటి చరిత్రకు కూడా వర్తింపజేయమని నా మనవి.

ఆ రెండో సాక్షి మీ పక్కనే ఉన్నారు. మనవడి మాట మీద మీరు సగం ఉత్తరం రాశారు, మీ శ్రీమతి గారి మాటను ఒక్క వాక్యంలో దాటేశారు. నాకు మాత్రం మీ ఉత్తరం మొత్తంలో అతి ముఖ్యమైన మాట అదే అనిపించింది. ఆవిడ నవ్వుతూ అన్నారు కాబట్టి అది తేలిక మాట అనుకోకండి. ఆ తరం స్త్రీలు ఎన్నేళ్లుగానో అణచుకున్న మాటను బయటపెట్టేటప్పుడు చాలాసార్లు నవ్వుతూనే బయటపెడతారని నా అనుభవం. మీరు ‘ఇల్లంతా చుట్టాలతో కళకళలాడేది’ అని తలచుకునే రోజున, ఆ చుట్టాలందరికీ కట్టెల పొయ్యి ముందు కూర్చుని, కళ్లు మండుతుండగా ఊదురుగొట్టం ఊదుతూ వండింది ఎవరు? కాలవ నుంచి బిందెలు మోసింది ఎవరు? రోటి దగ్గర పప్పు రుబ్బి, అందరూ తిన్నాక మిగిలింది తిన్నది ఎవరు? పెద్దల పట్ల ఉండే భయభక్తుల్లో భయం పాలు ఎక్కువగా కోడళ్ల వంతుకే వచ్చేది. ఇవన్నీ మీ ఇంట్లో ఇలాగే జరిగాయని నేను అనడం లేదు, నాకు తెలియదు. మీరు ఆవిడను అడిగి తెలుసుకోండి అంటున్నాను. ‘నీకు ఎందుకు బాగోలేదు?’ అని అడిగి, సమాధానం పూర్తయ్యేవరకు మధ్యలో సమర్థించుకోకుండా వినండి. ‘అప్పుడు అందరి ఇళ్లలోనూ అంతే కదా’ అనే మాట నోటిదాకా వస్తుంది. దాన్ని మింగేయండి. ఇన్నేళ్ల దాంపత్యంలో ఆవిడకు ఈ ప్రశ్న ఎదురవడం ఇదే మొదటిసారి కావచ్చు, కాబట్టి ఒక్క రోజులో అంతా చెప్పరు.

మీ బెంగకు మరో కారణం కూడా ఉందని నా అనుమానం. పల్లెలో బయటికి అడుగు పెడితే ‘మాష్టారూ’ అని పలకరించే పాత విద్యార్థులు ఉండేవారు. ఇక్కడ అపార్ట్‌మెంటులో లిఫ్టు దగ్గర ఎదురైనవారికి మీరెవరో తెలియదు. మనిషికి ఈ పూట గుర్తింపు లేనప్పుడు గుర్తింపు ఉన్న రోజుల వైపు మనసు పరుగెత్తడం న్యాయమే. దానికి మందు ఇంట్లోవారి చేత బలవంతంగా కథలు వినిపించడం కాదు. సాయంత్రం పార్కులో మీ ఈడువారితో కూర్చోండి, అక్కడ పాత రోజుల కబుర్లకు ఆకలి ఎక్కువ. మీ భవనంలో వాచ్‌మన్ పిల్లలో, పక్కింటి పదో తరగతి పిల్లలో ఉంటే రోజుకు ఒక గంట సాంఘిక శాస్త్రం చెప్పండి. ఇన్నేళ్లు చేసిన పని చేతిలో ఉంటే, దాని గురించి చెప్పుకోవాల్సిన అవసరం దానంతట అదే తగ్గుతుంది.

మీరు నోరు విప్పడం మానేశానన్నారు. అది మాత్రం మంచిది కాదు. ఇంట్లో పెద్దల మౌనం పిల్లలకు శిక్షలా తగులుతుంది, మీకు ఒంటరితనాన్ని పెంచుతుంది. రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా, ఆకలి మందగించినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, లేదా చిన్నప్పటి సంగతులు గుర్తుండి పొద్దున జరిగినవి మరచిపోతున్నా, వయసు వల్లలే అని సరిపెట్టుకోకుండా వైద్యుడికి చూపించుకోండి. మనసు బాగోలేనప్పుడు టెలిమానస్ నంబరు 14416కు, వృద్ధుల కోసం ఉన్న ఎల్డర్‌లైన్ నంబరు 14567కు ఫోను చేసి మాట్లాడవచ్చు.

మనవడి దగ్గర క్షమాపణ కోసం ఎదురుచూడకండి. అతను ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి, ‘ఆ రోజు నీ మార్కుల సంగతిలో నా రోజులు తీసుకురాకుండా ఉండాల్సింది, నీ మాట కూడా నాకు కష్టమనిపించింది’ అని రెండు ముక్కలూ చెప్పి లేచి రండి. వెంటనే కథ మొదలుపెట్టవద్దు. పరీక్షల కాలంలో వినే తీరిక అతనికి లేదు. ఉద్యమం ఏడాది కథ, ఉప్పెన కథ పరీక్షలు పూర్తయ్యాక చెప్పండి, వీలైతే అతన్ని మీ పల్లెకు తీసుకువెళ్లి అక్కడే చెప్పండి. ఆ ప్రయాణంలో మీ శ్రీమతి గారు కూడా ఉండాలి, ఆవిడ వైపు కథ ఆవిడే చెప్పాలి. దానికి ఇంకా నెలల సమయం ఉంది కాబట్టి, ఈలోగా ఆవిడ చెప్పేది వినడం ఈ వారంలోనే మొదలుపెట్టండి.