పేలకుండా భూమిలో ఉండిపోయిన బాంబుల్ని డ్రోన్‌కి మాగ్నెటిక్ సెన్సర్ కట్టి పైనుంచి పట్టుకోవచ్చా?

పట్టుకోవచ్చు. కాకపోతే దానికి తెలిసేది ఇనుము ఒక్కటే, అది బాంబా బండి ఇరుసా దానికి తెల్వది.

నేను మాగ్నెటిక్ సర్వే చేసే ఒక కాంట్రాక్టర్ దగ్గర ఫీల్డ్ పని చేసిన. బెల్టు, ఫోను, మొలతాడుకున్న తాళంచెవి అన్నీ తీసి పక్కన పెట్టి నడవాలె. కల్వకుర్తి దిక్కు ఒక చెల్కల పోతుంటే రీడింగ్ ఒక్కసారి వందల నానోటెస్లాలు (అయస్కాంత బలాన్ని కొలిచే లెక్క) ఎగిరి, రెండడుగులేస్తే మళ్ల కిందికి పడ్డది. ఇగ చూడు, గుప్తనిధి అని ఊరంతా అక్కడ్నే. ఒక పెద్దాయనైతే "బిడ్డా, ఈడ కొప్పెర పాతిపెట్టిన్రని మా తాత చెప్తుండె, జర తవ్వరాదు" అని ఇడుస్తలేడు. రాగి గానీ బంగారం గానీ ఈ మిషన్‌కి కనబడనే కనబడది తాతా అన్నా ఇనలే. గడ్డపారలు తెచ్చిన్రు, వాటికే మా మిషన్ పిచ్చి రీడింగులు ఇయ్యవట్టె. తవ్వితే ఏమొచ్చింది, ఫెయిలయిన బోరు కేసింగ్ పైపు, పైన మట్టి కప్పి మర్చిపోయిన్రు. మా పాలమూరుల ఇసొంటి బోర్లకు లెక్కే లేదు, మూత పెట్టమంటే ఎవ్వడు పెట్టడు, పిల్లలు పడ్డప్పుడు మాత్రం టీవీలన్నీ వస్తయ్.

సరే, గాల్లకెళ్లి అంటే అసలు ఇబ్బంది ఎత్తుతోని. ఎత్తు డబుల్ అయితే సిగ్నల్ ఎనిమిదో వంతుకు పడిపోతది, మన దగ్గర భూమి అయస్కాంత బలమే 40 వేల నానోటెస్లాలకు పైన, అండ్ల ఒకటి రెండు నానోటెస్లాల తేడా పట్టాలె. అందుకే అమెరికాల ఓక్ రిడ్జ్ ల్యాబ్ వాళ్లు సౌత్ డకోటాల పాత బాంబింగ్ రేంజ్, అంటే బాంబులేసే ప్రాక్టీసు చేసిన జాగ మీద, హెలికాప్టర్‌కి సీసియం మాగ్నెటోమీటర్లు (శానా సన్నని తేడా పట్టే మాగ్నెటిక్ సెన్సర్లు) కట్టి నేలకు మీటరు నుంచి మూడు మీటర్ల ఎత్తులనే తిప్పిన్రు. అది చెట్టుచేమ లేని మైదానం కాబట్టి నడిచింది. అదే నల్లమలలనో దేవరకొండ గుట్టలల్లనో తిప్పమను చూద్దాం, పైగా మన గ్రానైట్ నడుమ గీత గీసినట్టు పోయే నల్లరాయి, డోలరైట్ డైకులు, అవ్వే పెద్ద సిగ్నల్ ఇస్తయ్. పెద్ద బాంబు దొరుకుతది, చిన్న ఫిరంగి గుండ్లు పైనుంచి కష్టమే, ప్లాస్టిక్ మైన్లయితే అయ్యేది కాదు.

యూట్యూబ్‌ల "బంగారం పట్టే డ్రోన్" అని అమ్మేటోళ్లను మాత్రం నమ్మకు. వాళ్ల వీడియోలు చూసి నాకు ఇప్పటికీ ఫోన్లు చేస్తున్నరు, అన్నా మిషన్ కిరాయికి ఇప్పియ్యి, దొరికిందాంట్ల సగం నీకే అని.