బస్సు చార్జీ, చార్జిషీటు, లాఠీచార్జి

ప్రశ్న: బస్సెక్కి ‘నల్లగొండకు చార్జి ఎంత?’ అని అడుగుతాం. ఫోనుకు చార్జింగ్ పెడతాం. పోలీసులు లాఠీచార్జి చేస్తారు, కోర్టులో చార్జిషీటు వేస్తారు. కొత్త తహశీల్దారు చార్జి తీసుకుంటారు. ఇన్నింటికీ ఒకే మాట ఎట్లా సరిపోయింది? ఇంగ్లీషులోనూ ఇవన్నీ ఒప్పేనా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: ఈ మాటకు మూలం బండి. లాటిన్‌లో ‘కర్రుస్’ అంటే బండి. దాని నుంచి పుట్టి, బండికి బరువెత్తడమనే అర్థంతో ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో చేరినదే ‘ఛార్జ్’. ‘కార్’, ‘కార్గో’ కూడా ఈ వంశానివే. కట్టవలసిన సొమ్ము, మీద పడిన బాధ్యత, మోపిన నేరం, తుపాకిలో దట్టించిన మందు, చివరికి బ్యాటరీలో నింపిన విద్యుత్తు, ఇవన్నీ ఆ బరువుకు కొత్త రూపాలు. తెలుగులోనూ నేరాన్ని ‘మోపుతాం’ కదా!

చిక్కంతా బస్సు దగ్గరే. ప్రయాణానికి ఇచ్చే డబ్బును ఇంగ్లీషులో ‘ఫేర్’ అంటారు. ప్రయాణించడమనే అర్థమున్న పాత ఇంగ్లీషు క్రియ నుంచి వచ్చిన మాట అది, ‘ఫేర్‌వెల్’లో ఉన్నదీ అదే. జాతీయ రహదారి మీద కొర్లపహాడ్ దగ్గర కట్టేది టోల్, వకీలుకు ఇచ్చేది ఫీజు. కరెంటు బిల్లులోని ‘ఎనర్జీ చార్జీలు’, ‘కస్టమర్ చార్జీలు’ మాత్రం సరైన ప్రయోగాలే. తెలుగులో బస్సు చార్జీ అనడం తప్పని నేననను, అది ఎప్పుడో మన మాటయిపోయింది. ఇంగ్లీషు దరఖాస్తులో మాత్రం ‘బస్ ఫేర్’ అనే రాయాలి.

చార్జిషీటు విషయంలో పత్రికలు కూడా పొరపడుతుంటాయి. దర్యాప్తు ముగిశాక పోలీసులు కోర్టుకు సమర్పించే నివేదిక అది. నేరాల దర్యాప్తు, విచారణ పద్ధతులను చెప్పే చట్టం, 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 193వ సెక్షన్ కిందికి వస్తుంది. అభియోగాలను ఖరారు చేసేది న్యాయస్థానం. కనుక చార్జిషీటు పడినంత మాత్రాన అభియోగాలు ఖరారైనట్లు కాదు. నేరం మోపడానికి ‘ఛార్జ్ విత్’ అనాలి, నిందించడానికైతే ‘అక్యూజ్ ఆఫ్’. రెండింటినీ కలిపి ‘ఛార్జ్ ఆఫ్’ అని క్రియగా రాయరాదు.

లాఠీచార్జి మన దేశపు ఇంగ్లీషు. బ్రిటిష్ పత్రికలు ‘బేటన్ ఛార్జ్’ అని రాస్తాయి.

ఇక తహశీల్దారు సంగతి. ఆయన మండలానికి ‘ఇన్ ఛార్జ్ ఆఫ్’ అయితే, మండలం ఆయనకు ‘ఇన్ ద ఛార్జ్ ఆఫ్’ అవుతుంది; నడుమ ‘ద’ చేరగానే అధికారం ఎవరిదో, అధీనంలో ఉన్నదెవరో తారుమారవుతుంది.