హద్దులూ సాక్షులూ చదవండి, ఊరు కనబడుతుంది

‘మధ్యయుగపు ఇంగ్లండ్ భూమి దస్తావేజుల్లో అమ్మినవాడు, కొన్నవాడు తప్ప ఇంకేముంటుంది? ఊరి జీవితం ఏమైనా తెలుస్తుందా?’ అని అడిగారు. బ్రహ్మాండంగా తెలుస్తుంది. నన్నడిగితే రాజుల కథలు పక్కనపెట్టి ముందు ఇవే చదవాలి.

ఉద్యోగం మీద ఇంగ్లండ్ వచ్చాక నేను ఇక్కడి కౌంటీ రికార్డ్ ఆఫీసులో (జిల్లా పాత పత్రాలు భద్రపరిచే చోటు) వాలంటీరుగా కొంతకాలం పనిచేశాను. అక్కడ ఒకరోజు పోస్టుకార్డు కంటే కాస్త పెద్ద చర్మపత్రం ఒకటి నా ముందు పెట్టారు. కొద్ది వరుసల లాటిన్, కింద వేలాడుతూ సగం విరిగిన మైనపు ముద్ర. తేదీ లేదు. భర్త పోయిన ఒకావిడ అర ఎకరం అమ్ముతోంది. చాలా పత్రాల్లాగే ‘ఇప్పుడున్నవారూ ఇకపై రాబోయేవారూ తెలుసుకొందురు గాక’ అని మొదలై, ఆ వెంటనే ‘నా వైధవ్యంలో, నా పూర్తి అధికారంతో’ అని ఉంది. అక్కడే ఆగిపోయాను. భర్త బతికి ఉండగా భార్య తనకు పుట్టింటి నుంచి వచ్చిన భూమినైనా తనంతట తాను అమ్మడానికి అప్పటి చట్టం ఒప్పుకోదు. కాబట్టి ఆ మాట రాయించకపోతే కొన్నవాడికి రేపు టెన్షన్. ఆవిడ తన పేరున, తన ముద్ర వేసి అమ్మింది. ఏ చరిత్ర పుస్తకంలోనూ ఆవిడ లేదు, ఈ చర్మపత్రంలో మాత్రమే ఉంది.

డబ్బు చేతికి తీసుకున్నాక కూడా ఏటా జూన్ 24న, సెయింట్ జాన్ పండగనాడు, ఒక గులాబీ ఇవ్వాలని షరతు. ఇది సరదాకి పెట్టింది కాదు. కొన్నవాడు అమ్మినవాళ్ల కింద భూమి అనుభవిస్తున్నట్టు లెక్క, అందుకు గుర్తుగా ఏదో ఒకటి చెల్లించాలి. కొందరు మిరియాలు, కొందరు జీలకర్ర, కొందరు ఒక జత చేతితొడుగులు రాయించుకునేవారు. 1290లో వచ్చిన చట్టం శాశ్వతంగా అమ్మే భూముల్లో ఈ పద్ధతిని ఆపేసింది. అందుకే ఆ గులాబీని చూసి పత్రం అంతకు ముందుదని చెప్పగలిగాం.

ఇక హద్దులు. ఆ అర ఎకరం ఒక్కచోట లేదు, ఊరుమ్మడి పెద్ద పొలంలో రెండు పట్టీలు. ఒకటి కమ్మరి కొడుకు పట్టీకీ మఠం భూమికీ మధ్య, దాని కొస పిండిమరకు పోయే దారికి తగులుతుంది. మన దస్తావేజుల్లో చతుర్హద్దులు రాసినట్టే. ఒకే ఊరి పత్రాలు ఓ ఇరవై దగ్గర పెట్టుకుంటే ఎవరి పక్కన ఎవరు దున్నేవారో గీసేయవచ్చు.

సాక్షులు ఇంకా ముఖ్యం. భూమి చేతులు మారేది కాగితంతో కాదు. పొలంలోకి వెళ్లి మట్టిపెళ్లో కొమ్మో చేతిలో పెడితేనే మారినట్టు, పత్రం దానికి రుజువు మాత్రమే. ఆ రుజువుకు బలం ఇరుగుపొరుగే. మరవాడు, చర్చి ఫాదరు, చివరి పేరుగా చాలాసార్లు ఆ పత్రం రాసిన గుమాస్తా.

నాకు మండేది ఇక్కడే. పాత కేటలాగులు చాలావాటిలో ‘ఫలానావారు ఫలానావారికి అర ఎకరం’ అని ఒక్క వరుస రాసి హద్దులూ సాక్షులూ వదిలేశారు. పనికొచ్చేదంతా పారేసి పొట్టు దాచుకున్నారు. 1925 చట్టంతో భూమి అమ్మేవాళ్లు 30 ఏళ్ల హక్కు చూపిస్తే చాలనడంతో పాత పత్రాల అవసరం తీరిపోయి, ఎన్నో చర్మపత్రాలు లాంప్‌షేడ్లయ్యాయి. ఇప్పటికీ గోడకు తగిలించుకోవడానికని విడివిడిగా వేలంలో అమ్ముతున్నారు. ఒక ఊరి పత్రాల కట్టను అలా విడదీయడం ఆ ఊరిని చెరిపేయడమే.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఈ పత్రాల్లో కనిపించేది చాలావరకు స్వతంత్రుల భూమే. మేనర్ అంటే ఒక ప్రభువు ఏలుబడిలోని ఎస్టేటు; ఆ ప్రభువుకు కట్టుబడిన రైతుల భూములు ఆయన కోర్టులోనే చేతులు మారేవి. వాళ్ల కోసం మేనర్ కోర్టు రికార్డులు, చుట్టచుట్టి దాచిన చర్మపత్రాలు, తిరగేయాలి. బీరు సరిగా తయారుచేయలేదని, పశువులు పక్కవాడి చేలో పడ్డాయని వేసిన జరిమానాలు కూడా వాటిలోనే ఉంటాయి.