క్షమించడమంటే వాటా కూడా వదిలేసుకోవడమా అక్కా?

ప్రశ్న: వందనాలు అక్కా. నాన్న పోయి రెండేళ్లు, అన్నయ్య ఏవో కాగితాల మీద నాచేత సంతకాలు పెట్టించుకుని ఇల్లూ అరెకరం పొలమూ తన పేరున రాయించుకున్నాడు. అప్పట్నుంచి బీపీ, నిద్ర లేదు. ఉపవాస కూటంలో ఆడవాళ్లేమో నువ్వు అన్నని క్షమించలేదు అందుకే స్వస్థత రావట్లేదు, వాటా మాట మర్చిపో, బిళ్లలు మానేసి విశ్వాసంతో ప్రార్థన చెయ్యి అంటున్నారు. తప్పు నాదేనా?
- ఓ సోదరి, పశ్చిమ గోదావరి

జవాబు: వందనాలమ్మా. ముందు ఆ బీపీ బిళ్ల మానకు, మిగతాది తర్వాత నెమ్మదిగా చదువుకో. పౌలు లూకాని ప్రియుడైన వైద్యుడు అన్నాడు, కడుపు బాగోని తిమోతికి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు, మందు వేసుకుంటే విశ్వాసం తగ్గినట్టని బైబిల్లో ఎక్కడా లేదు.

తప్పు నాదా అన్నావు చూడు, ఆ మాటకే నాకు బాధేసింది. యోహాను 9లో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులూ అదే అడిగారు, పాపం వీడిదా కన్నవాళ్లదా అని, యేసయ్య ఎవరిదీ కాదన్నాడు. మరి మార్కు సువార్తలో యేసయ్య పక్షవాయువు మనిషికి ఇచ్చింది ముందు పాపక్షమాపణ, తర్వాతే స్వస్థత కదా అంటారేమో, నిజమే, కానీ అతన్ని నలుగురు మోసుకొచ్చి ఇంటికప్పు విప్పి మరీ దించారు, నీ పాపమేంటో చెప్పు అప్పుడే మోస్తాం అన్నట్టు మార్కు రాయలేదు. కూటం అంటే అలా మొయ్యాలమ్మా.

ఇక వాటా సంగతి. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో, కుష్ఠురోగులకి సేవ చేస్తున్న ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నీ ఆయన ఇద్దరు కొడుకుల్నీ, 10 ఏళ్లవాడొకడు, 6 ఏళ్లవాడొకడు, బండిలో నిద్రపోతుంటే తగలబెట్టేశారు. భార్య గ్లాడిస్ గారు చంపినవాళ్లని క్షమించానన్నారు, బారిపదాలో కుష్ఠురోగుల సేవలోనే ఇంకొన్నేళ్లు ఉండిపోయారు. కానీ కేసు ఆగలేదు, 2011లో సుప్రీంకోర్టు యావజ్జీవ శిక్ష ఖాయం చేసింది, అందువల్ల ఆవిడ క్షమ చిన్నదైపోయిందని నేననుకోను. అన్న మీద పగ వదిలెయ్యడం దేవుడి ముందు నీ పని, అది ఒక్కరోజులో అవదు, మళ్లీ మళ్లీ కోపం వస్తుంది, వచ్చినప్పుడల్లా ఆయనకే చెప్పుకో. నీ వాటా అడగడం పగ కాదు. నాన్నగారు క్రైస్తవులై ఉండి వీలునామా రాయకపోతే 1925 నాటి ఇండియన్ సక్సెషన్ యాక్ట్ ప్రకారం అమ్మ వాటా పోగా మిగిలినదాంట్లో కొడుకూ కూతురూ సమానమే.

వచ్చే కూటంలో నా బీపీ కోసం, మా అన్నయ్య కోసం ప్రార్థన చెయ్యండి అని నువ్వే అడుగు. ఈలోపు ఆ సంతకాలు పెట్టిన కాగితాల నకళ్లు తీసుకుని లాయర్‌ని కలువు, వీటికి గడువులుంటాయి, ఆలస్యం చెయ్యకు.