పై వేరియంట్‌లో పవర్ ఎక్కువని చెప్పి అమ్మారు: తేడా డబ్బు తిరిగి వస్తుందా?

ప్రశ్న: లాయరు గారూ, మాది అనంతపురం సాయినగర్. నాలుగు నెలల కిందట బెంగళూరు షోరూంలో టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ కొన్నాను. స్పోర్ట్ మోడల్‌లో రెండు వేరియంట్లు ఉన్నాయి, ధరలో లక్షా ముప్పై వేలు తేడా. సన్‌రూఫ్, పెద్ద స్పీకర్లు నాకేం అవసరం, కిందిదే చాలు అన్నాను. దానికి సేల్స్ అతను "సార్, పైదాంట్లో ట్యూనింగే వేరు, పవర్ పదిహేను బీహెచ్‌పీ ఎక్కువ, సస్పెన్షన్ కూడా గట్టిగా ఉంటుంది" అని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టినాడు. మా నాయన్ను మళ్లీ దుడ్లు అడిగి పైది తీసుకున్నాను. మొన్న నా స్నేహితుడు ఇదే కారు కింది వేరియంట్ కొన్నాడు. మరూరు టోల్‌గేటు దాటినాక హైవే మీద రెండూ పక్కపక్కన తోలి చూసినాం. వెంట్రుకవాసి తేడా లేదు. బ్రోషర్ తీసి చూస్తే రెండింటికీ ఒకటే పవర్, ఒకటే టార్క్ (ఇంజిన్ లాగే బలం). షోరూం వాళ్లను అడిగితే "బ్రోషర్ మీరే చూసుకోవాల్సింది, కావాలంటే బయట రీమ్యాప్ చేయించుకోండి" అంటున్నారు. బుకింగ్ ఫారం మీద బెంగళూరు కోర్టుల పరిధి అని ఉంది. నా డబ్బు వస్తుందా? కేసు ఎక్కడ వేయాలి? రీమ్యాప్ చేయించుకోవచ్చా?

జవాబు: మీరు రాసిన కారు పేరు, షోరూం పేరు ఇక్కడ తీసేశాను. ముందు మూడో ప్రశ్నకే జవాబు చెప్తాను, ఎందుకంటే మీ కేసు నిలబడడం దాని మీదే ఆధారపడుతుంది. రీమ్యాప్ చేయించవద్దు. సైలెన్సర్ మార్చవద్దు. కేసు తేలేదాకా ఆ బండి షోరూం నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి.

రీమ్యాప్ అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లో కంపెనీ రాసిన లెక్కలు చెరిపి వేరే లెక్కలు ఎక్కించడం. అది చేసిన రోజే ఇంజిన్ వారంటీ మీద కంపెనీ చేతులెత్తేయడానికి సాకు దొరుకుతుంది. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా చేయిస్తే రేపు క్లెయిమ్ దగ్గర ఇదే పేచీ. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతి గట్టిగానే చెప్పింది. సెక్షన్ 182ఏ కింద ఓనరుకు ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. శబ్దం, పొగ పరిమితి దాటితే సెక్షన్ 190 కింద పదివేల దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్సు చేతిలో లేకుండా పోవడం వేరే. వీటన్నిటికన్నా పెద్ద నష్టం మీ కేసుకు. ఇంజిన్ మీద బయటి గ్యారేజీ చేయి పడ్డాక, "మేము ఇచ్చిన బండి ఇది కాదు" అని ఎదుటి లాయరు మొదటి వాయిదాలోనే అంటాడు. రీమ్యాప్ సలహా షోరూం వాళ్లే ఎందుకిచ్చారో ఇప్పుడు అర్థమైందా? ఆ మాట ఫోన్లో కాకుండా మెసేజ్‌లో చెప్పి ఉంటే మాత్రం జాగ్రత్తగా దాచుకోండి.

ఇంకో మాట. మరూరు టోల్‌గేటు దాటాక రెండు కార్లూ పక్కపక్కన తోలిన ముచ్చట ఫిర్యాదులో ఒక్క ముక్క కూడా రాయకండి. అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం పెడితే సెక్షన్ 189 ఉంది, మూడు నెలల దాకా జైలు లేదా ఐదువేల దాకా జరిమానా. మీరు ఫిర్యాదుదారుగా వెళ్లి నిందితుడిగా తిరిగి రావడం నాకిష్టం లేదు. పైగా అది సాక్ష్యం కూడా కాదు. ఇద్దరి కాళ్లూ ఒకేలా తొక్కాయని ఎవరు చెప్తారు?

ఇక అసలు విషయం. మీ కారులో లోపం లేదు. బ్రోషర్‌లో ఎంత పవర్ ఉందో అంతే ఇచ్చారు. కాబట్టి "కారు బాగాలేదు, మార్చి ఇవ్వండి" అనే దారిలో వెళ్తే ఓడిపోతారు. ల్యాబ్ పరీక్షలు, డైనో టెస్టులు (ఇంజిన్ పవర్ కొలిచే పరీక్షలు) అంటూ డబ్బు తగలేసుకోవద్దు. పవర్ ఎంత అన్న దాని మీద మీకూ షోరూంకూ తగాదానే లేదు కదా. మీ కేసు ఇంజిన్ మీద కాదు, ఆ వాయిస్ మెసేజ్ మీద. 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం సెక్షన్ 2(47) ఏమంటుందంటే, ఒక వస్తువు ఫలానా ప్రమాణానిది, నాణ్యతది, గ్రేడుది, మోడల్‌ది అని నోటితో గానీ, రాతతో గానీ, ఎలక్ట్రానిక్ రూపంలో గానీ అబద్ధం చెప్పి అమ్మితే అది అనుచిత వ్యాపార పద్ధతి. వస్తువు పాడై ఉండాల్సిన పని లేదు. చెప్పిన మాట అబద్ధమైతే చాలు.

"ఇది నడిపితే విమానంలా ఉంటుంది సార్" అంటే ఏ వినియోగదారుల కమిషనూ పట్టించుకోదు, అమ్మేవాడు ఆ మాత్రం పొగుడుకుంటాడు. కానీ "పదిహేను బీహెచ్‌పీ ఎక్కువ" అనేది కొలిచి చూడగలిగిన మాట. అంకె చెప్పి ఇరుక్కున్నాడు మీ సేల్స్ అతను. అతను ఉద్యోగి మాత్రమే, షోరూంకు సంబంధం లేదని అనబోతారు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 238 ప్రకారం ఏజెంటు తన పనిలో భాగంగా చెప్పిన అబద్ధం యజమాని చెప్పినట్టే లెక్క.

షోరూం చెప్పే "బ్రోషర్ మీరే చూసుకోవాల్సింది" అన్న మాటకు చట్టంలో కొంత ఆధారం ఉంది, అది మీకు తెలియాలి. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 19లో ఒక మినహాయింపు ఉంది: మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలుండీ తెలుసుకోకపోతే, తప్పుడు మాట నమ్మి చేసుకున్న ఒప్పందాన్ని రద్దు చేయమని అడగలేరు. అందుకే మొత్తం కారు వెనక్కిచ్చి మొత్తం డబ్బు అడగమని మీకు చెప్పను. అయితే మీరు అడిగేది రద్దు కాదు, పరిహారం. వినియోగదారుల చట్టం సెక్షన్ 2(47)లో అలాంటి మినహాయింపు రాసి లేదు. ఇంకో సంగతి, మీ చేతిలోని బ్రోషర్ చూసి భయపడకండి. అతను చెప్పింది అబద్ధమని రుజువు చేసే కాగితం అదే. దాన్ని తయారుచేసింది కంపెనీ, కాదనడానికి షోరూంకు నోరుండదు.

అసలు మీరు నమ్మడం తెలివితక్కువ పనేనా? కాదు, ఇది వాదనలో గట్టిగా చెప్పాల్సిన ముక్క. స్పోర్ట్ పేరుతో వచ్చే చిన్న కార్లలో ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. 2021 సెప్టెంబరులో వచ్చిన హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ తీసుకోండి. ఎన్6, ఎన్8 అని రెండు వేరియంట్లు. రెండింట్లోనూ అదే 1.0 లీటరు మూడు సిలిండర్ల టర్బో, అదే 120 పీఎస్ పవర్ (పీఎస్ కూడా బీహెచ్‌పీ లాంటి కొలతే), అదే 172 ఎన్‌ఎం టార్క్. ఎన్8కి ఎక్కువ కట్టేది సౌకర్యాలకు. ఆనాటి మామూలు ఐ20 టర్బోది కూడా అదే లెక్క. ఎన్ లైన్ అని పేరు పెట్టి మార్చింది సస్పెన్షన్, స్టీరింగ్ బరువు, సైలెన్సర్ శబ్దం. విదేశాల్లో ఐ20 ఎన్ అని, లైన్ అన్న తోక లేకుండా, 204 పీఎస్ బండి ఒకటి అమ్మారు, అది వేరే జాతి. టాటా వైపు చూస్తే కథ మారుతుంది. ఆల్ట్రోజ్ ఐ-టర్బో 1.2 లీటరు ఇంజిన్ 110 పీఎస్, 140 ఎన్‌ఎం ఇచ్చేది. 2024 జూన్‌లో రేసర్ అని తెచ్చినప్పుడు 1.2 లీటరు టర్బోతోనే 120 పీఎస్, 170 ఎన్‌ఎం ఇచ్చారు. అంటే అక్కడ పేరుతో పాటు పవర్ నిజంగానే పెరిగింది. మళ్లీ ఆ రేసర్‌లో ఆర్1, ఆర్2, ఆర్3 మధ్య పవర్ తేడా లేదు. ఇలాంటి మార్కెట్లో "పైదాంట్లో ట్యూనింగ్ వేరు" అని షోరూం మనిషే చెప్తే మామూలు మనిషి నమ్మడా? నమ్ముతాడు. కమిషన్ ముందు ఈ రెండు ఉదాహరణలూ పెట్టండి, బ్రోషర్లు జత చేయండి.

సస్పెన్షన్ సంగతి బ్రోషర్‌లో అంత స్పష్టంగా ఉండదు. అందుకని ఈ వారమే కంపెనీ కస్టమర్ కేర్‌కు ఒక ఈమెయిల్ పెట్టండి. కోపం చూపించకుండా, కొనబోయేవాడు అడిగినట్టు, ఈ రెండు వేరియంట్ల మధ్య పవర్, టార్క్, ఇంజిన్ ట్యూనింగ్, సస్పెన్షన్లలో ఏమైనా తేడా ఉందా అని మాత్రమే. తేడా లేదని వాళ్లు రాసి పంపితే మీ పని సగం అయినట్టే.

కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చాలా అని అడుగుతారు. చేర్చవచ్చు గానీ వాళ్ల దగ్గర డబ్బు వస్తుందన్న ఆశ పెట్టుకోకండి. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు టాటా మోటార్స్ కేసులో ఈ విషయం తేల్చింది. గోవాలో ఒకాయన 2011 మోడల్‌కు డబ్బు కడితే డీలర్ 2009లో తయారైన, అప్పటికే తిరిగిన కారు అంటగట్టాడు. కంపెనీకీ డీలర్‌కూ మధ్య ఉన్నది కొనుగోలు, అమ్మకం సంబంధం, డీలర్ చేసిన మోసం కంపెనీకి తెలుసని రుజువు కాకపోతే కంపెనీని బాధ్యుణ్ని చేయలేమని కోర్టు అంది. మీ విషయంలో కంపెనీ బ్రోషర్‌లో నిజమే రాసింది. నా మట్టుకు షోరూం ఒక్కటే చాలు.

కేసు అనంతపురంలోనే వేయండి. 2019 చట్టం సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదుదారు నివాసముండే చోట గానీ, ఉద్యోగం చేసే చోట గానీ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 1986 నాటి పాత చట్టంలో ఈ వెసులుబాటు లేక మన జిల్లా వాళ్లు బెంగళూరు బస్సెక్కాల్సి వచ్చేది. బుకింగ్ ఫారం మీది బెంగళూరు పరిధి వాక్యం సివిల్ దావాకు అడ్డం రావచ్చు గానీ, చట్టం ఇచ్చిన ఈ హక్కును షోరూం ముద్రించిన కాగితం తీసేయలేదు. ఆ వాక్యమే అన్యాయమైన ఒప్పందమని ప్రత్యేకంగా సవాలు చేయబోకండి, ఆ రకం ఫిర్యాదు జిల్లా కమిషన్ వినదు, రాష్ట్ర కమిషన్‌కు పోవాలి. వస్తువుకు కట్టిన ధర 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషనే. మీ కారు పది నుంచి ఇరవై లక్షల మధ్యలో ఉంది కాబట్టి ఫీజు 400 రూపాయలు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు, ఈ మాట రాస్తే మా లాయర్ల బార్ అసోసియేషన్‌లో నన్ను తిట్టుకుంటారనుకోండి. గడువు రెండేళ్లు, మీకు ఇంకా చాలా ఉంది.

ముందుగా షోరూంకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి పదిహేను రోజులు గడువివ్వండి. చట్టం తప్పనిసరి చేయలేదు గానీ, మీరు అడిగారు, వాళ్లు కాదన్నారు అనే రుజువు అది. 1915 నంబరు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కూడా నమోదు చేయండి. కొటేషన్, బుకింగ్ ఫారం, ఇన్‌వాయిస్, డెలివరీ రోజు సంతకం పెట్టిన కాగితం, లైఫ్ ట్యాక్స్ రసీదు, ఇన్సూరెన్స్ పాలసీ అన్నీ ఒకచోట పెట్టుకోండి. వాయిస్ మెసేజ్ ఉన్న ఫోన్ మార్చకండి, ఆ చాట్ చెరపకండి. మెసేజ్‌ను రాతలో పెట్టి, పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి, సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జత చేయాలి. మెసేజ్ తేదీ బుకింగ్ తేదీ కన్నా ముందుందా లేదా ఒకసారి చూసుకోండి. బుకింగ్ అయిపోయాక వచ్చిన మెసేజ్ నమ్మి కొన్నానంటే చెల్లదు, అప్పుడు మీరు వేరియంట్ మార్చుకున్న తేదీ చూపించాలి.

లక్షా ముప్పై వేలూ వస్తాయా అంటే, అనుమానమే. సన్‌రూఫ్ మీ నెత్తి మీదే ఉంది, స్పీకర్లు మోగుతున్నాయి. "ఆ తేడాకు వస్తువులు అందాయి కదా" అని కమిషన్ తప్పకుండా అడుగుతుంది. దానికి మీ జవాబు ఒక్కటే: అవి నాకు వద్దన్నాను, పవర్ కోసమే కట్టాను. బుకింగ్‌కు ముందు చాట్‌లో మీరు "సన్‌రూఫ్ వద్దు, కిందిదే చాలు" అని రాసిన మెసేజ్ ఉంటే అది బంగారం. తేడా మొత్తంతో పాటు, ఆ తేడా మీద కట్టిన లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా లెక్కగట్టి అడగండి. ఆ రెండూ కారు ధరను బట్టే పెరుగుతాయి, చాలామంది వదిలేస్తారు. మానసిక క్షోభకు, ఖర్చులకు వేరే మొత్తం. అడిగిందంతా ఇవ్వకపోయినా, తేడాలో ఒక వంతు, దాని మీద వడ్డీ, ఖర్చులు వస్తాయన్నది నా అంచనా. తీర్పు నచ్చకపోతే 45 రోజుల్లో విజయవాడలోని రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు ఉంది.

నోటీసు అందాక షోరూం నుంచి ఫోన్ వస్తుంది, నలభై వేల యాక్సెసరీస్ కూపన్ ఇస్తాం, సర్వీసు ఫ్రీ చేస్తాం అంటారు. రాజీ తప్పు కాదు, కేసు వేశాక కమిషనే మధ్యవర్తిత్వానికి పంపవచ్చు కూడా. కానీ కూపన్ వద్దు, మీ బ్యాంకు ఖాతాకు డబ్బే వేయమనండి. ఇక ఎలాంటి క్లెయిమూ లేదని రాసిన కాగితం మీద సంతకం మాత్రం, ఆ డబ్బు మీ ఖాతాలో పడ్డాకే.