ఇంట్లో చిన్న పాప ఉంటే పెరట్లో నాటుకోళ్లు పెంచొచ్చా?
హనుమకొండలో ఇంటి వెనుక నాలుగు నాటుకోళ్లు పెంచుకుందామంటే రెండేళ్ల పాపకు రోగాలొస్తాయేమోనని టెన్షన్‌గా ఉందన్నారు. పెంచుకోవచ్చు, కానీ ఆ భయం ఉత్తది కాదు. హుషారుగా తిరిగే కోడి పెంటలో కూడా సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు, అది ఈకలకు, గుడ్డు పెంకుకు, గూడు ఊడ్చిన చెప్పులకు అంటుకుని ఇంట్లోకొస్తుంది, పెద్దవాళ్లకు నాలుగు రోజుల జ్వరం, విరేచనాలతో పోయేది ఐదేళ్లలోపు పిల్లల్ని దవాఖానలో పడేయొచ్చు. కోడిపిల్లను పాప ముద్దు పెట్టుకోనివ్వకండి. ముట్టుకుంటే వెంటనే సబ్బుతో చేతులు కడగండి, మట్టి చేతులకు శానిటైజర్ సరిగా పనిచేయదు. గూటికి వేరే చెప్పులుంచి బయటే విప్పండి. కోళ్ల నీళ్ల గిన్నె వంటింటి సింకులో కడగడం మాత్రం అస్సలు వద్దు! ఎండిన పెంట మీద కాసిన్ని నీళ్లు చల్లి, మాస్కు కట్టుకుని ఊడ్వండి. గుడ్డు పచ్చసొన గట్టిపడేదాకా ఉడకాలి. కోళ్లను చంపే కొక్కెర తెగులుకు (రాణిఖేత్ జబ్బు) టీకా పశువుల దవాఖానలో అడగండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది కదా, మీ కోళ్లు కూడా ఒక్కసారిగా వరసపెట్టి చస్తుంటే వట్టి చేతులతో ముట్టకండి, మిగిలినవాటిని కోసుకుని తినకండి, ముందు పశువైద్యుడికి ఫోన్ చేయండి.