11 స్పీడ్ సైకిల్‌కి ఏ చైన్ వేయాలి?

మీ సైకిల్‌కి ముందు 2, వెనక 11 పళ్ల చక్రాలున్న షిమానో 105 గేర్ సెట్ ఉందనీ, దగ్గరున్న 10 స్పీడ్ చైన్ వేయొచ్చా అనీ అడిగారు కదండీ, 22 గేర్లని చూసి టెన్షన్ పడకండి. చైన్‌కి చూడాల్సింది వెనక క్యాసెట్‌లో, అంటే వెనకున్న పళ్ల చక్రాల గుత్తిలో, ఎన్ని చక్రాలున్నాయన్నదే, అంటే 11 స్పీడ్ చైన్ కావాలి. మీ దగ్గరున్న 10 స్పీడ్ చైన్ వద్దు, లోపలి వెడల్పు దాదాపు ఒకటే అయినా బయటి వెడల్పు 10కి సుమారు 5.9 మి.మీ., 11కి 5.5 దాకా ఉంటుంది, ఆ కాస్త తేడాకే పక్క చక్రాన్ని రాసుకుంటూ గరగరమంటుంది. షిమానోదే వేయాలన్న పట్టింపేం లేదు, కేఎంసీ కంపెనీ 11 స్పీడ్ చైన్ కూడా నిక్షేపంగా నడుస్తుంది. శ్రామ్ కంపెనీ 12 స్పీడ్ ఫ్లాట్‌టాప్ చైన్ వ్యవహారమే వేరు, దాని రోలర్లే పెద్దవి, ఆ జోలికి పోకండి.

పొడవు చూడ్డానికి పాత చైన్‌ని పక్కన పెట్టి కొలిచి కోసేయకండి, అరిగిన చైన్ సాగి ఉంటుంది. పాతదాని పొడవు సరిగ్గానే ఉండి ఉంటే లింకులు లెక్కపెట్టి కొత్తదానికీ అన్నే ఉంచండి. చైన్ రెండు కొసల్ని కలిపే క్విక్ లింక్ కూడా 11 స్పీడ్‌దే తీసుకోండి. కొత్తది వేశాక గట్టిగా తొక్కినప్పుడు వెనక బాగా వాడే చక్రాల మీద టకటకా జారుతుంటే చైన్‌ని తిట్టుకోకండి, క్యాసెట్ పళ్లు అరిగాయన్నమాట, అదీ మార్చాల్సిందే.